బాణామతి బ్యాండు

చౌటుప్పల్‌లో హైవే పక్కన ఒక కాంప్లెక్స్‌లో నాకు జిరాక్స్ షాపు ఉంది. షాపు కింద సెల్లార్. పార్కింగ్ కోసం తవ్వించారు గానీ వానాకాలం మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయని ఓనరు దాన్ని వదిలేశాడు. 2022లో ముగ్గురు వచ్చి ఆ సెల్లార్‌ను కిరాయికి తీసుకున్నారు. అప్పటి నుంచి ప్రతి ఆదివారం మధ్యాహ్నం నా కాళ్ల కింద బండలు వణికేవి. మెషిన్‌లో పెట్టిన కాగితం పక్కకు జరిగేది. ఒకరోజు కోపం ఆగక కిందికి దిగాను.

చప్పుడు బయటికి పోకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు. డ్రమ్స్ ముందు సైఫ్ ఉన్నాడు. పెళ్లి బ్యాండు చోటే మియా కొడుకు, నాకు తెలిసినవాడే. కీబోర్డు దగ్గర మొబైల్ రిపేరు చేసే కృష్ణకాంత్. మూడో మనిషి ఒక అమ్మాయి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని కళ్లు మూసుకుని ఒకే తీగను పదే పదే మీటుతోంది. ఆ శబ్దం సాగి సాగి గోడలకు కొట్టుకుని, ముందటి శబ్దం మీదే వచ్చి పడుతోంది. తిట్టడానికి వెళ్లినవాణ్ని మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఇరవై నిమిషాలకు గానీ అది ఆగలేదు.

"మరి పాట ఎవరు పాడ్తరు?" అని అడిగాను.

"ఎవరు పాడరన్నా," అంది ఆ అమ్మాయి. "మా బ్యాండుకు నోరు లేదు."

ఆమె పేరు సుమన. ఫార్మా కంపెనీ ల్యాబులో ఉద్యోగం. బ్యాండు పేరు బాణామతి. ఆ పేరు వినగానే నా వీపు జలదరించింది. మా వైపు చేతబడిని అలాగే అంటారు. ఇంట్లో పిల్లల ముందు ఎవరూ ఆ మాట ఎత్తరు.

వాళ్లు ముఖాలు చూపించకుండా, పేర్లు చెప్పకుండా ఇంటర్నెట్‌లో నాలుగు వాయింపులు పెట్టారు. వాటి పేర్లు నిమ్మకాయ, సూది, బూడిద, వెంట్రుక. ఈ తరహా సంగీతాన్ని సైకెడెలిక్ రాక్ అంటారని కృష్ణకాంత్ నాకు చెప్పాడు. బయటి దేశాల్లో ఇలాంటి బ్యాండ్లు చాలా ఉన్నాయట. ఆల్బమ్ అట్టల మీద మేకతలలు, కొవ్వొత్తులు, పుర్రెలు వేసుకుంటారట. సుమనకు మొదట ఆ బొమ్మలు చూపించింది కూడా అతనే. ఆమె చాలాసేపు చూసి ఒకటే మాట అందట. "వీళ్లది ఆట. మా ఊళ్లె బాణామతి అని పేరు పెడ్తె పండ్లు ఊడుతయ్."

ఆ మాటకు అర్థం నాకు కొన్ని నెలల తర్వాత తెలిసింది. సుమన ఒక కవరు తెచ్చి అందులోని కాగితాలు రెండేసి కాపీలు కావాలంది. రోజూ ఎన్నో కాగితాలు నా చేతుల మీదుగా పోతాయి. ఏదీ చదవను. ఆ రోజు పైకాగితం మీద 'ముందరి నాలుగు పళ్లు పట్టకారుతో' అన్న ముక్క కంట్లో పడింది. మెషిన్ ఆపేశాను.

"మా అవ్వవి," అంది సుమన. తర్వాత అక్కడే స్టూలు మీద కూర్చుని, మధ్యలో ఎవరైనా గిరాకీ వస్తే ఆగుతూ, మొత్తం చెప్పింది.

అవ్వ పేరు గోవిందమ్మ. కట్టంగూర్ నుంచి లోపలికి నాలుగు కిలోమీటర్లు పోతే వాళ్ల ఊరు. సుమనకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. తండ్రి జంగయ్య లారీ ప్రమాదంలో పోయాడు. రెండెకరాల చెలకలో పత్తి, కందులు వేసి అవ్వే మనవరాలిని పెంచింది. పసిరికలు, అంటే కామెర్లు, అయినవాళ్లకు పసరు పోసేది. చంటిపిల్లలకు దిష్టి తీసేది. ఊరు ఆమెను అర్ధరాత్రి లేపినా పలికేది.

తెలంగాణ వచ్చాక హైవే చుట్టూ భూముల ధరలు ఒక్కసారిగా లేచాయి. గోవిందమ్మ చెలక రోడ్డును ఆనుకుని ఉంది. ఎరువుల దుకాణం నడిపే జానయ్య అప్పటికే చుట్టూ ఉన్నదంతా కొన్నాడు. మధ్యలో ఆ రెండెకరాలే మిగిలాయి. మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆమె, "నేను సచ్చినంక నా మనుమరాలిని అడుగు," అంది.

2016 ఎండాకాలంలో జానయ్య తమ్ముడి కొడుక్కి ఫిట్స్ వచ్చాయి. అదే వారంలో మూడు మేకలు చచ్చాయి. ఎక్కడి నుంచో సోది చెప్పేవాణ్ని పిలిపించారు. ఊరికి తూర్పున ఒంటరిగా ఉండే ఆడమనిషి బాణామతి చేసిందని వాడు చెప్పాడు. ఊరికి తూర్పున ఒంటరిగా ఉండేది గోవిందమ్మ ఒక్కతే.

మరునాడు పొద్దున డప్పు చాటింపు వేసి ఊరందరినీ పిలిచారు. అవ్వను చెలక నుంచి తీసుకొచ్చి కరెంటు స్తంభానికి కట్టేశారు. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని, పలకని మంత్రం పారదని ఒక నమ్మకం. జానయ్య తన మోటారు పనిముట్ల డబ్బాలోంచి పట్టకారు తెప్పించాడు. ఊరంతా నిలబడి చూసింది. డప్పు మాత్రం ఆగలేదు. ఆపమని ఎవరూ చెప్పకపోతే డప్పు కొట్టేవాళ్లు మాత్రం ఎలా ఆపుతారు?

అప్పుడు సుమనకు పదిహేడేళ్లు. పరిగెత్తుకుంటూ వస్తున్న ఆమెను జానయ్య భార్య అండాలు రెక్క పట్టుకుని గుంజి, తన ఇంట్లో వేసి తాళం పెట్టింది. సుమన అన్నీ కిటికీలోంచే చూసింది. నాలుగు పళ్లు. ఒక్కో పన్నుకు ఎంతసేపు పట్టిందో కూడా చెప్పింది. అది నేను రాయలేను.

కేసు పెట్టారు. విచారణకు వచ్చిన రోజున ఊళ్లో ఒక్కరూ ఏమీ చూడలేదన్నారు. ముసలామె మోట బావి దగ్గర జారిపడిందన్నారు. అవ్వా మనవరాలి మాటలు పక్కన పెట్టి, వేరే సాక్ష్యం లేదని కేసు మూసేశారు. ఇంకా దవాఖానలో ఉన్నప్పుడే గోవిందమ్మ చేత చెలక కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆ తర్వాత అవ్వా మనవరాలూ ఆ ఊరికి మళ్లీ పోలేదు.

"గిటారు ఎట్ల నేర్చినవ్?" అని అడిగాను.

నల్గొండలో డిగ్రీ చదివేటప్పుడు ఆమె హాస్టల్ గోడ పక్కనే చర్చి ఉండేది. అక్కడ డానియల్ అనే అతను గిటారు వాయించేవాడు. ఆదివారాలు పోయి వెనక బెంచీలో కూర్చునేది. ఎందుకొస్తున్నావని అతను అడిగితే, "నాకు మాట్లాడబుద్ధయితలేదు. ఇది మాట్లాడుతాంది," అందట. అతను ఇక ఏమీ అడగకుండా నేర్పాడు.

"మరి ఈ పాత కేసు కాగితాలు ఇప్పుడెందుకు?"

"వకీలుకు. ఎప్పటికన్న తెరిపిస్త." సుమన కాపీలు కవర్లో సర్దుకుంది. "తెరిపియ్యకపోయినా సరే. వాడు ఒక్కసారి భయపడాలన్నా. మా అవ్వ ఎట్ల భయపడ్డదో గట్ల. నాకు కావాల్సింది గదే."

గొంతులో కోపం లేదు. రేపు ల్యాబుకు పోవాలి అన్నంత మామూలుగా అంది.

2024 ఫిబ్రవరిలో నా దగ్గరికి ఒక కరపత్రం పని వచ్చింది. కట్టంగూర్ దగ్గర కొత్త వెంచర్, ప్లాట్ల ప్రారంభోత్సవం, ఆదివారం ఉదయం పది గంటలకు, భోజనం కలదు, లక్కీ డ్రా కలదు. రెండు వేల కాపీలు. కౌంటర్ మీద కట్టలు కట్టి పెట్టాను. సాయంత్రం సుమన ఒక నోటుబుక్కు కాపీకి తెచ్చి, ఆ కరపత్రం చూసింది. పైన చేతులు జోడించి నవ్వుతున్న జానయ్య ఫొటో. కింద సర్వే నంబర్లు. ఆమె వేలు ఒక నంబరు మీద ఆగింది.

"ఇది మాదే," అంది. కింది దాకా చదివి, "బ్యాండు ఎవరిదో తెల్సా?" అంది.

కరపత్రం కింద సన్నటి అక్షరాల్లో ఉంది. బ్యాండు చోటే మియాది.

ఆ రోజే సుమన, సైఫ్ చోటే మియా ఇంటికి పోయారు. వెంట నేనూ పోయాను. ఎందుకు పోయానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. బహుశా ఆ కరపత్రాలు నా మెషిన్ మీదే వచ్చాయన్న బాధ కావచ్చు.

చోటే మియాకు అరవై దాటాయి. క్లారినెట్ తుడుచుకుంటూ విన్నాడు.

"బేటా, మాది పెండ్లిళ్ల బ్యాండు. పగలు తీర్చుకునే బ్యాండు కాదు," అన్నాడు.

"ఒక్క వాయింపు చాచా. తర్వాత మీ ఇష్టం."

"నా రోటీ పోతది."

సుమన వాదించలేదు. "ఒక్కసారి మా రూముకు రండి," అంది.

చోటే మియా ఆమె వెంట పోయాడు. రూములో గోవిందమ్మ చాయ్‌లో బిస్కెట్ ముంచి, నానబెట్టి, నాలుకతో చిగుళ్లకు అదుముకుంటూ తింటోంది. ఆయనను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది సిగ్గు కాదు. ఎనిమిదేళ్లుగా కొత్త మగవాడు ఎవరు వచ్చినా ఆమె చెయ్యి అలాగే నోటి మీదికి పోతుంది. చోటే మియా గడపలోంచే సలాం చేసి వెనక్కి తిరిగాడు. మెట్లు దిగుతూ, "ఒక్కటే వాయింపు. ఒక్కటే," అన్నాడు.

ప్రారంభోత్సవానికి మిగిలిన రెండు వారాలూ సెల్లార్‌లో సాయంత్రాలు కూడా వాయించారు. సుమన అవ్వ ఊపిరిని ఫోన్లో రికార్డు చేసింది. మాటలు కావు. పళ్ల సందులోంచి పోయే గాలి మాత్రమే, సన్నటి ఈలలాగ. కృష్ణకాంత్ దాన్ని సాగదీసి, లోతుచేసి కీబోర్డులో పెట్టాడు. సైఫ్‌కు సుమన ఒక దెబ్బ నేర్పింది. ఆనాడు ఊళ్లో మోగిన చాటింపు దెబ్బ. మూడు దగ్గరగా, ఒకటి దూరంగా. సైఫ్ దాన్ని సగం వేగానికి దించి, పెద్ద డ్రమ్ము మీద కొట్టాడు. పైన షాపులో నేను కాగితాలు లెక్కపెడుతూ చాలాసార్లు తప్పాను.

ఆదివారం నేనూ వెంచర్‌కు పోయాను. షామియానాలు వేశారు. హైదరాబాద్ నుంచి కార్లు వచ్చాయి. ఊరివాళ్లను ఆటోల్లో తెచ్చి ముందు వరసల్లో కూర్చోబెట్టారు. పక్కన బిర్యానీ వాసన. వేదిక మీద జానయ్య తెల్లచొక్కా వేసుకుని మైకు పట్టుకున్నాడు. పక్కన అండాలు పట్టుచీరలో కూర్చుంది. బ్యాండువాళ్ల ఎర్రకోట్లలో సైఫ్, కృష్ణకాంత్‌లతో పాటు సుమన కూడా ఉంది. టోపీ కిందికి లాక్కుంది. ఆమెను ఎవరూ గుర్తుపట్టలేదు.

మొదట పెళ్లిపాటలు వాయించారు. పిల్లలు ఎగిరారు. జానయ్య లక్కీ డ్రా డబ్బాలో చెయ్యి పెట్టాడు. అప్పుడు చోటే మియా క్లారినెట్ దించి పక్కకు జరిగాడు.

సైఫ్ కొట్టాడు. మూడు దగ్గరగా. ఒకటి దూరంగా.

కార్లలో వచ్చినవాళ్లకు ఏమీ తెలియలేదు. కానీ ముందు వరసలో తింటున్న ఒక ముసలామె చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. ఆమె పక్కనున్నామె తలెత్తింది. సుమన గిటారు మొదలైంది. పొద్దున పదిన్నర ఎండలో ఆ శబ్దం ఆ షామియానా కింద పొగలాగ పరుచుకుంది. తర్వాత కృష్ణకాంత్ కీబోర్డు నొక్కితే స్పీకర్లలోంచి అవ్వ ఊపిరి వచ్చింది. ముందరి పళ్లు లేని నోట్లోంచి గాలి. అది ఎవరిదో ఆ ఊళ్లో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

జానయ్య చెయ్యి ఇంకా డబ్బాలోనే ఉంది. ముఖం పాలిపోయింది.

"ఆపుండ్రి," అన్నాడు. వాళ్లు ఆపలేదు. "ఆపుండ్రిరా!" అని అరిచి, మైకు పట్టుకునే వేదిక దిగి బ్యాండు మీదికి వచ్చాడు. సుమన టోపీ తీసింది. వాయిస్తూనే ఉంది.

"నువ్వు గోవిందమ్మ మనుమరాలివి!" అన్నాడు జానయ్య. మైకు నోటి దగ్గరే ఉంది. ఆ మాట స్పీకర్లన్నిట్లో మోగింది. "మల్ల మంత్రం పెడ్తున్నవా? నాలుగే పీకి ఇడిసిపెట్టిన! ఆనాడే అన్ని పీకేదుండె ముసల్దానివి!"

సైఫ్ చేతులు ఆగాయి. అప్పటికి ఎన్నో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. ప్రారంభోత్సవాన్ని వాళ్ల మనిషే ఒకడు లైవ్ పెట్టాడు కూడా.

కళ్లద్దాలు పెట్టుకున్న ఒక కొనుగోలుదారు ముందు వరసలో ఉన్న ముసలామెను అడిగాడు. "ఏం పీకాడండీ ఈయన?"

ఆమె పళ్లెం కింద పెట్టింది. "పండ్లు," అంది. "గోవిందమ్మవి. గీ భూమి కోసమే." పక్కనున్నామె, "నేను గూడ చూసిన," అంది. విచారణలో బావి దగ్గర జారిపడిందని చెప్పినవాళ్లలో ఈ ఇద్దరూ ఉన్నారు. ఎనిమిదేళ్ల కిందట రాని మాట ఆ రోజు వాళ్లంతట వాళ్లే అన్నారు.

అరగంటలో కార్లన్నీ వెళ్లిపోయాయి. సుమన గిటారు సంచిలో పెట్టుకుంటూ నా వైపు చూసింది. "భయపడ్తడు అనుకున్నన్నా. ఒప్పుకుంటడని మాత్రం అనుకోలే," అంది. నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు జానయ్య మీద జాలి వేయబోయి, ఆగిపోయింది.

ఆ వీడియో పట్టుకుని వకీలు కేసు తెరిపించాడు. ఆ ఇద్దరు ముసలివాళ్లూ వాంగ్మూలం ఇచ్చారు. ప్లాట్లు ఒక్కటీ అమ్ముడుపోలేదు. జానయ్యను అరెస్టు చేశారు. బెయిలు మీద బయటికి వచ్చాడు. వచ్చాక అతని దవడ వాచింది. ఎక్కడెక్కడి డాక్టర్లకు చూపించారు. పళ్లన్నీ బాగున్నాయన్నారు. తిండి మానేశాడు. చెవుల్లో ఆ దెబ్బ వినిపిస్తోందని పగలంతా దూది పెట్టుకుని తిరుగుతున్నాడట.

ఒక మధ్యాహ్నం అండాలు చౌటుప్పల్‌లో సుమన వాళ్ల రూముకు వచ్చింది. చేతిలో కొబ్బరికాయ, నిమ్మకాయలు, అవ్వకు ఒక చీర. గడప దాటకుండా బయటే కూర్చుంది. తర్వాత ఏం జరిగిందో సుమన చెప్పగా విన్నదే రాస్తున్నాను.

"తీసెయ్యి బిడ్డా," అంది అండాలు. "పెట్టింది తీసెయ్యి. ఆయన మనిషి కాకుంట అయిపోతుండు. చెలక కావాల్నంటే చెలక రాసిస్తం. ఏమన్న అడుగు."

ఒకప్పుడు సుమన ఆమెను అత్తా అని పిలిచేది. ఆ పిలుపు నాలుక మీదికి వచ్చి ఆగింది.

"ఆనాడు నన్నెందుకు లోపటేసి తాళం పెట్టినవ్?"

"నిన్ను గూడ కడ్తరని."

"మరి మా అవ్వను?"

అండాలు కొంగుతో ముఖం కప్పుకుంది. సుమనకు ఒక్క క్షణం మనసు మెత్తబడింది. ఏ మంత్రమూ లేదని, అది ఉత్త వాయింపని, మీ ఆయనను పట్టింది ఆయన భయమేనని చెప్పేద్దామని నోరు తెరిచింది. "మేమేం పెట్టలేదు..." అనేలోపే గోవిందమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

ఎనిమిదేళ్లుగా పోలీసులకు, వకీలుకు, కనబడిన ప్రతి మనిషికీ తనకు బాణామతి రాదని ఒట్లు పెట్టిన గోవిందమ్మ, నోటికి అడ్డం పెట్టుకునే కొంగు తీసేసి అండాలు వైపు సూటిగా చూసింది. మాటలు ఈలలాగ వచ్చాయి గానీ స్పష్టంగానే ఉన్నాయి.

"పెట్టినం," అంది. "తియ్యం."

అండాలు కొబ్బరికాయను గడప లోపలికి జరిపింది.

"కచేరిల జడ్జి ముంగట ఉన్నదున్నట్టు చెప్పమను," అంది గోవిందమ్మ. "గప్పుడు చూస్త."

అండాలు వెళ్లిపోయింది. కొబ్బరికాయ అక్కడే ఉండిపోయింది. "అవద్ధం ఎందుకు చెప్పినవవ్వా?" అంది సుమన.

"నిజం చెప్పిననాడు ఎవడిన్నడే?" అంది అవ్వ. తర్వాత కొబ్బరికాయ కొట్టి, కోరి, చక్కెర కలిపి పెట్టమంది. మెత్తగా ఉంటే తినగలదు.

వకీళ్లు వద్దన్నా వినకుండా జానయ్య జడ్జి ముందు అంతా ఒప్పుకున్నాడు. పట్టకారు ఎక్కడి నుంచి తెప్పించాడో, వేలిముద్ర ఎవరు పట్టి వేయించారో కూడా చెప్పాడు. చెప్తే నొప్పి పోతుందని నమ్మాడు. మూడేళ్ల శిక్ష పడింది. చెలక గోవిందమ్మ పేరుకు తిరిగి వచ్చింది. ఆమె మాత్రం అటు పోనంది. కౌలుకు కూడా ఇవ్వనంది. బీడు పడి ఉండనీ, పోయేవాళ్లంతా చూడనీ అంది. అతని దవడ వాపు తగ్గిందో లేదో నాకు తెలియదు. గోవిందమ్మ మాత్రం తీసేశానని ఎవరికీ కబురు పంపలేదు.

చోటే మియాకు ఆ ఏడు పెళ్లిళ్లు సగానికి పడిపోయాయి. సణుగుతాడు గానీ సైఫ్‌ను ఆపలేదు. బాణామతి బ్యాండుకు మాత్రం పేరు వచ్చింది. హైదరాబాద్‌లో చిన్న చిన్న హాళ్లకు పిలుస్తున్నారు. కుర్రకారు నల్లచొక్కాలు వేసుకుని వచ్చి, కళ్లు మూసుకుని ఊగుతారట. ఆ దెబ్బ ఎక్కడిదో వాళ్లకు తెలియదు.

ఇంకొక్క సంగతి దాచకుండా చెప్పాలి. కిందటేడు మా కాంప్లెక్స్‌లో కాపురముండే ఒకావిడకు గర్భం నిలవలేదు. పైఅంతస్తులో ఒకరి వ్యాపారం దెబ్బతింది. సెల్లార్‌లో జరిగేదే కారణమన్నారు. ఖాళీ చేయించాలని ఓనరుకు ఒక కాగితం రాశారు. కాపీలు నా దగ్గరే తీశారు. అందరూ సంతకాలు పెట్టి నా వైపు చూశారు. షాపు నడవాలి. పిల్లల ఫీజులు కట్టాలి. నేనూ పెట్టాను.

వాళ్లు గొడవ చేయకుండా ఒక్కరోజులో ఖాళీ చేశారు. గోడల మీది కోడిగుడ్ల అట్టలు కూడా పీకి పట్టుకుపోయారు. సుమన నాతో ఒక్క మాట అనలేదు. ఇప్పుడు జిరాక్స్ కావాలంటే బస్టాండు దగ్గరి షాపుకు పోతుంది.

పోయిన నెలలో బాణామతి బ్యాండు కొత్త వాయింపు ఒకటి ఇంటర్నెట్‌లో పెట్టింది. ఇరవై రెండు నిమిషాలు. దాని పేరు సంతకం. మధ్యలో కాగితం లోపలికి పోయి బయటికి వచ్చే చప్పుడు ఒకటి వస్తుందని, అచ్చం నా షాపు మెషిన్‌లాగే ఉందని కృష్ణకాంత్ ఫోన్ చేసి చెప్పాడు. నేను ఇంతవరకు వినలేదు.